ఓజోన్ పొరకు తూట్లు పొడవడానికి తిరుగులేని చిట్కాలు

ఓజోన్ పొర మీద కసి పెంచుకున్నవాళ్లకు ఇన్నేళ్లలో కలిసొచ్చిందేమీ లేదు. దాన్ని కాపాడటానికి 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఒక ఒప్పందం కుదిరింది. ఇలాంటివి మామూలుగా ఫైళ్లలో పదికాలాల పాటు చల్లగా ఉంటాయి. ఇది మాత్రం అమలైపోయింది. ఐక్యరాజ్యసమితిలో ఉన్న దేశాలన్నీ ఒక్కటీ మిగలకుండా చేరిపోయాయి. మన దేశం 1992లో చేరి, 2000లో నియమాలు రాసుకుంది. ఓజోన్‌ను చెరిపే సీఎఫ్‌సీ వాయువుల తయారీకి 2010 దాకా గడువున్నా, ఉబ్బసం ఇన్‌హేలర్లకు కావలసినది మినహా మిగతాదంతా 2008 ఆగస్టు 1 నుంచే ఆపేసింది. సర్కారు పని గడువుకు ముందే పూర్తికావడమంటే ఎంత అన్యాయమో చూడండి! ఇలాగే సాగితే 2040 నాటికి ప్రపంచంలో చాలాచోట్ల, 2066 నాటికి అంటార్కిటికా మీద కూడా ఓజోన్ పొర 1980 నాటి స్థితికి వచ్చేస్తుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

అయినా నిరాశపడనక్కర్లేదు. ఫ్యాక్టరీలు చేజారాయి గానీ మేడలు మన చేతిలోనే ఉన్నాయి. సీఎఫ్‌సీల తర్వాత వరుసలో ఉన్నవి హెచ్‌సీఎఫ్‌సీలు. వాటిలో మనకు బాగా తెలిసినది ఆర్-22. కొత్త ఏసీల తయారీలో దాని వాడకం 2024 చివరితో ఆగిపోవాలని, మొత్తంగా 2030 నాటికి సెలవివ్వాలని దేశం గడువులు పెట్టుకుంది. కానీ పాత విండో ఏసీలు, స్ప్లిట్ ఏసీలు, కల్యాణ మండపాల ప్యాకేజీ యూనిట్లు ఇంకా దాన్నే నమ్ముకుని ఉన్నాయి. ఈ కాస్త వ్యవధిలో జనానికి అవగాహన, పనివాళ్లకు నైపుణ్యం రాకుండా చూసుకోగలిగితే మన ప్రయత్నం ఫలించినట్టే. ఎవరి స్థాయిలో వాళ్లు పాటించడానికి వీలుగా కొన్ని చిట్కాలు ఇక్కడ ఇస్తున్నాం. వీటికి పెద్దగా కష్టపడక్కర్లేదు. చాలావరకు ఇప్పుడు చేస్తున్నదే చేస్తూపోతే సరిపోతుంది.

1. ఇంటి యజమానులు ఏటా గ్యాస్ పట్టించాలి

ఉగాది వెళ్లగానే మెకానిక్‌కు ఫోన్ చేయండి. అతను వచ్చి, ఔట్‌డోర్ యూనిట్ దగ్గర రెండు నిమిషాలు కూర్చుని, "గ్యాస్ అయిపోయింది సార్" అంటాడు. "అయిపోతే పట్టెయ్ బాబూ" అనండి. సంభాషణ అక్కడితో ముగియాలి.

ఈ దశలో చాలామంది చేసే తప్పు ఏమిటంటే, "అయిపోవడమేంటి?" అని అడగడం. ఆ ప్రశ్న ప్రమాదకరం. ఎందుకంటే ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే సరుకు కాదు. కంప్రెసర్, కండెన్సర్, కాపిలరీ, కూలింగ్ కాయిల్ అన్నీ కలిపి మూసేసిన ఒకే గొట్టపు చుట్టు. లోపల గ్యాస్ ద్రవమై, మళ్లీ ఆవిరై, తిరిగి తిరిగి అక్కడే ఉంటుంది. ఇరవై ఏళ్లు నడిచినా ఒక గ్రాము అరగదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. సైకిల్ ట్యూబుకు పంక్చర్ వేయించకుండా పొద్దున్నే గాలి కొట్టుకుని ఆఫీసుకు వెళ్లే మనిషిని చూసి నవ్వుతాం గానీ, ఏటా ఏసీకి గ్యాస్ పట్టించే మనిషిని జాగ్రత్తపరుడంటాం. ఈ గౌరవాన్ని పోగొట్టుకోవద్దు.

బిల్లులో "గ్యాస్ ఫిల్లింగ్" అని ఉంటే చెల్లించండి. "లీకు వెతికినందుకు" అని ఇంకో వరుస కనిపిస్తే మాత్రం ఊరుకోవద్దు. "కనిపించని పనికి డబ్బులేంటయ్యా?" అని గట్టిగా అడగండి. పనివాళ్ల నైపుణ్యాన్ని అణచివేయడానికి మధ్యతరగతి కుటుంబం చేతిలో ఇంతకంటే మంచి ఆయుధం లేదు.

2. మెకానిక్ సబ్బునీళ్లు ముట్టుకోరాదు

లీకు పట్టుకోవడం చాలా చవకైన పని. అదే ఇబ్బంది. గొట్టాలను కలిపే ఫ్లేర్ నట్టు చుట్టూ వేలితో తడిమితే నూనె జిడ్డు తగులుతుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి గ్యాస్ పోయినచోట జిడ్డు మిగులుతుంది. దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి మరక కడుతుంది. అనుమానం ఉన్నచోట సబ్బు నురగ పూస్తే బుడగలు వచ్చి చోటు చూపిస్తాయి. అప్పుడు నట్టు విప్పి, పగిలిన ఫ్లేరును కోసి, కొత్త ఫ్లేరు వేసి బిగించాల్సి వస్తుంది. దాంతో వచ్చే ఏడాది పిలుపు పోతుంది.

కాబట్టి మరక కనిపిస్తే గుడ్డతో తుడిచెయ్యండి. విశాఖలో అయితే "ఉప్పుగాలి సార్, ఇంతే" అనండి. ఉప్పుగాలికి కాయిల్ తినేస్తుందన్నది నిజమే కాబట్టి ఎవరూ కాదనరు. పక్కనే డ్రైనేజీ ఉంటే ఇంకా మంచిది. దాని వాయువులకు రాగి నల్లబడి సూదిబెజ్జాలు పడతాయి. కారణం తెలిసినా కాయిల్ మార్చమనకుండా, మళ్లీ గ్యాస్ ఎక్కించి రండి.

3. ఉన్న గ్యాస్‌ను గాలికి వదిలేయాలి

రిపేరుకు ముందు లోపలి గ్యాస్‌ను ఖాళీ చేయాలి. దీనికి రెండు మార్గాలున్నాయి. రికవరీ యంత్రంతో లాగి, వేరే సిలిండర్‌లోకి ఎక్కించి, శుద్ధి చేసి మళ్లీ వాడుకోవడం ఒకటి. యంత్రాన్ని మూడో అంతస్తు దాకా మోయాలి, వైర్లు లాగాలి, అరగంట నిలబడాలి. వాల్వు పిన్ను నొక్కి పట్టుకోవడం రెండోది. "సుయ్"మని రెండు నిమిషాల్లో అయిపోతుంది. వేలు కాస్త చల్లబడుతుంది, అంతే.

ఆ రెండు నిమిషాల్లో ఏం జరుగుతుందో తెలిస్తే మనసు మారే ప్రమాదం ఉంది కాబట్టి చదవదలుచుకోనివారు ఈ పేరా వదిలేయవచ్చు. ఆర్-22 అణువులో ఒక క్లోరిన్ పరమాణువు ఉంటుంది. కిందనున్నంతకాలం అది నోరెత్తదు. స్ట్రాటోస్ఫియర్ చేరాక అతినీలలోహిత కిరణాలకు అణువు విరిగి క్లోరిన్ బయటపడుతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు తాను కట్టుబడిపోయే లోపు లక్ష ఓజోన్ అణువుల దాకా విరగ్గొట్టగలదు. సీఎఫ్‌సీలతో పోలిస్తే ఆర్-22 చెరుపు తక్కువే. సీఎఫ్‌సీల్లో ఒకటైన ఆర్-11కు 1 వేసుకుంటే దీనిది 0.055. ఎక్కువ భాగం పైకి చేరకముందే గాలిలో విరిగిపోతుంది. అయితే ఇంకో పద్దు కూడా ఉంది. భూమిని వేడెక్కించడంలో ఒక కిలో ఆర్-22 సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. టన్నున్నర స్ప్లిట్ ఏసీలో ఉండేది ఇంచుమించు కిలో. అంటే వాల్వు నొక్కిన రెండు నిమిషాల్లో ఒక చిన్న కారు పది వేల కిలోమీటర్లకు పైగా తిరిగినంత పని జరిగిపోతుంది. ఇంత తక్కువ శ్రమతో ఇంత ఫలితం ఇంకెక్కడ దొరుకుతుంది?

ఖాళీ చేయడానికి ఓపిక లేకపోతే గ్యాస్ లోపల ఉండగానే వెల్డింగ్ మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. మంట ఆకుపచ్చగా మారుతుంది, ముక్కు మండుతుంది. ఆ మంటలో ఆర్-22 విరిగి ఆమ్ల వాయువులు, కొంచెం ఫాస్జీన్ పుడతాయి. ఫాస్జీన్ మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల మీద వాడిన వాయువు. కుర్రాడిని మాత్రం "కొంచెం దూరంగా నిలబడరా" అంటే చాలు, భద్రతా శిక్షణ పూర్తయినట్టే.

4. వాక్యూమ్ పంపును షాపులోనే ఉంచాలి

గొట్టాలు విప్పి బిగించాక లోపల గాలి, తేమ మిగులుతాయి. వాక్యూమ్ పంపు పెట్టి, గేజిలో 500 మైక్రాన్ల దాకా దించి, పంపు ఆపాక ముల్లు నిలకడగా ఉందో లేదో చూస్తే తేమ పోయిందీ లేనిదీ, లీకు ఉందీ లేనిదీ రెండూ తేలిపోతాయి. ఇలా తేలిపోవడం మనకు నష్టం. కొంచెం గ్యాస్ లోపలికి వదిలి, ఇంకో చివర నుంచి గాలిని తోసేయండి. తేమ లోపలే ఉండి నూనెతో కలిసి ఆమ్లంగా మారి, ఒకటి రెండు వేసవుల్లో కంప్రెసర్ వైండింగును కాల్చేస్తుంది. అప్పుడు కంప్రెసర్ మార్చాలి. మార్చేటప్పుడు గ్యాస్ మళ్లీ గాల్లోకి వదలాలి. చూశారా, ఒక చిట్కా ఇంకో చిట్కాకు ఎలా దారితీస్తోందో!

ప్రెషర్ టెస్టింగ్ విషయంలో మాత్రం ఒక్క నిజమైన హెచ్చరిక. పొడి నైట్రోజన్ సిలిండర్ మోయడం బరువని, వెల్డింగ్ కోసం తెచ్చిన ఆక్సిజన్‌నే గొట్టంలోకి ఎక్కించవద్దు. ఒత్తిడిలో ఆక్సిజన్‌కు కంప్రెసర్ ఆయిల్ తగిలితే పేలుతుంది. ఈ వ్యాసం పాఠకులు బతికి ఉండి చిట్కాలు పాటించాలన్నదే మా కోరిక.

5. తూకం వద్దు, చేతి అంచనా చాలు

ఔట్‌డోర్ యూనిట్ పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. ఎండకు వెలిసిపోయి ఉంటే సంతోషం. లేకపోతే దాని మీద చెయ్యి పెట్టి నిలబడండి.

సిలిండర్‌ను తూకం మీద పెట్టి గ్రాముల లెక్కన ఎక్కించడం కంపెనీ పద్ధతి. మన పద్ధతి వేరు. గేజి ముల్లు 60 దాటిందా, పైపు పట్టుకుంటే చల్లగా ఉందా, యజమాని ముఖం వికసించిందా అన్నవి చూడాలి. మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతల ఎండలో గేజి ఒకలా చూపిస్తుంది, జనవరి సాయంత్రం ఇంకోలా చూపిస్తుంది. ఈ తేడాను పట్టించుకోనక్కర్లేదు. ఎక్కువైతే కంప్రెసర్ ఆపసోపాలు పడుతూ కరెంటు తాగుతుంది, తక్కువైతే రోజంతా ఆగకుండా తిరుగుతుంది. ఎటు చూసినా మీటరు పరుగే.

6. "ఏ గ్యాస్ అయినా గ్యాసే" అన్న సమదృష్టి

ఆర్-22 దొరకడం తగ్గింది, ధర పెరిగింది. పాత ఏసీలో కొత్త గ్యాస్ పడితే పోలేదా అన్న ఆలోచన సహజం. కొత్త గ్యాస్‌లలో ఒకటైన ఆర్-410ఎ ఒత్తిడి ఆర్-22 కంటే అరవై శాతం దాకా ఎక్కువ. పాత కాయిళ్లు అందుకోసం చేసినవి కావు. పైగా దానికి కావలసిన ఆయిలే వేరు. ఇవేమీ పట్టించుకోకుండా ఎక్కించండి.

ఇంకా ధైర్యం ఉన్నవాళ్లు వంట గ్యాస్ ఎక్కిస్తారు. ఇందులో ఒక చిన్న నిజం దాగి ఉంది. ప్రొపేన్, అంటే ఆర్-290, నిజంగానే మంచి శీతలకారి. ఓజోన్‌కు దానివల్ల హాని లేదు, వేడెక్కించే గుణం నామమాత్రం. దాంతో నడిచే ఏసీలను గోద్రెజ్ సంస్థ 2012 నుంచి మన దేశంలో అమ్మింది. అయితే ఆ ఏసీలలో గ్యాస్ మోతాదును కట్టుదిట్టంగా పరిమితం చేసి, నిప్పురవ్వ రాని విడిభాగాలు వేసి తయారు చేస్తారు. మనం ఆ గొడవంతా లేకుండా, రిలే దగ్గర రవ్వలు రాలే పాత యూనిట్‌లో, తలుపులు మూసుకుని పడుకునే గదిలో అదే పని చేస్తాం. మీద "ఆర్-22" స్టిక్కరు అలాగే ఉంచడం మరచిపోవద్దు. తర్వాత వచ్చే మెకానిక్ నిర్భయంగా టార్చి వెలిగించాలి కదా!

నకిలీ గ్యాస్ దొరికితే కూడా తీసుకోండి. ఆర్-134ఎ పేరుతో మిథైల్ క్లోరైడ్ కలిపిన సరుకు ప్రపంచ మార్కెట్లో తిరిగిన సంగతి కంటైనర్ల వ్యాపారంలో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అది అల్యూమినియం భాగాలతో కలిస్తే, గాలి తగలగానే అంటుకునే పదార్థం తయారవుతుంది. 2011లో శీతల కంటైనర్లు పేలింది ఇందువల్లే. చవకగా వచ్చినదాన్ని కాదనడం మన వంశంలో లేదు.

7. శిక్షణ ఎవరికి ఇవ్వకూడదో వాళ్లకు ఇవ్వకండి

2019 మార్చిలో మన దేశం ఒక శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. లక్ష మంది సర్వీసింగ్ మెకానిక్‌లకు శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్లు ఇవ్వాలన్నది అందులో ఒక లక్ష్యం. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనను దీనికి జోడించారు. సర్వీసింగ్ రంగంలో జర్మనీ సంస్థ జీఐజెడ్ ఏళ్ల తరబడి పనిచేస్తోంది. మాంట్రియల్ ఒప్పందం కింద వర్ధమాన దేశాల కోసం పెట్టిన నిధి నుంచి డబ్బు వస్తుంది. ఆలోచన మంచిదే కాబట్టి అమలులోనే మనం జాగ్రత్త పడాలి.

శిక్షణ తేదీలు ఏప్రిల్, మే నెలల్లో పెట్టండి. సీజన్‌లో ఒక రోజు వదులుకుంటే మెకానిక్‌కు ఎంత నష్టమో మీకు తెలుసు. అతను రాడు. వేదిక నగరం నడిబొడ్డున స్టార్ హోటల్ అయితే గేటు దగ్గరే సగం మంది ఆగిపోతారు. పాఠాలు ఇంగ్లీషులో, తెర మీద గ్రాఫులతో సాగాలి. హాజరు పట్టీ నింపడానికి డీలర్లు, సేల్స్‌మెన్, సమీప కళాశాల విద్యార్థులు ఉండనే ఉన్నారు. రికవరీ యంత్రాన్ని బల్ల మీద పెట్టి అందరికీ చూపించండి. ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

ముఖ్యంగా, ఐటీఐ మెట్లెక్కని కుర్రాడిని దరిదాపులకు రానివ్వకూడదు. పదో తరగతి మధ్యలో వదిలేసి, మేనమామ దగ్గరో ఊరివాడి దగ్గరో గేజి పట్టుకోవడం నేర్చుకున్న కుర్రాడు అతను. ఊళ్లో ఏసీల్లో చాలావాటిని విప్పేది అతనే. అతనికి తెలుగులో, ఒక షాపు వెనకాల, చేతిలో ఫ్లేరింగ్ టూల్ పెట్టి రెండు రోజులు నేర్పితే ఒక్కడే ఏడాదికి ఎన్ని కిలోల గ్యాస్ మిగులుస్తాడో ఊహించుకుంటేనే గుండె జారిపోతుంది.

8. ఓజోన్ దినోత్సవాన్ని ఘనంగా జరపాలి

సెప్టెంబరు 16 మన కార్యక్రమాల్లో తలమానికం. పైన పటారం, లోన లొటారం అన్న సూత్రాన్ని ఇక్కడ పూర్తిగా వినియోగించుకోవచ్చు. పిల్లల చేత బొమ్మలు గీయించండి. భూగోళానికి గొడుగు, గొడుగుకు చిల్లు, భూగోళం కంట కన్నీరు. మొదటి బహుమతి దానికే. వక్తలు ఓజోన్ పొరను, భూతాపాన్ని, ప్లాస్టిక్‌ను, చెట్ల నరికివేతను కలిపి ఒకే ముద్ద చేయాలి. చివరికి అందరూ ఒక మొక్క నాటితే ఓజోన్ రంధ్రం పూడిపోతుందన్న భావన కలగాలి. నేల దగ్గర ఏర్పడే ఓజోన్ ఊపిరితిత్తులకు చేటు అని, పైనున్నది మనకు రక్ష అని విడదీసి చెప్పే సైన్సు టీచరు ఉంటే ఆయనకు మైకు ఇవ్వకండి.

సభ జరిగే హాల్లో ఏసీ 18 డిగ్రీల దగ్గర పెట్టండి. స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. రిమోట్ మన చేతిలోనే ఉంది కాబట్టి బెంగ లేదు. ఆ హాలు ఏసీలో ఏ గ్యాస్ ఉంది, పోయిన ఏడాది ఎన్ని కిలోలు ఎక్కించారు అన్న ప్రశ్న సభలో ఎవరికీ రాకూడదు. మెకానిక్‌ను పిలిచి శాలువా కప్పడం లాంటి పొరపాటు అసలే చేయొద్దు.

9. అధికారులకు: సిలిండర్ రంగును నమ్మండి

నియమాల ప్రకారం ఓజోన్‌కు హాని చేసే పదార్థాలు అమ్మేవాళ్లు, దిగుమతి చేసేవాళ్లు రిజిస్టర్ చేసుకోవాలి, లెక్కలు రాయాలి. లెక్కల పుస్తకం ఉందా అని అడగండి, లోపల ఏం రాశారో చూడకండి. రేవులో సిలిండర్ మీద ఏం రాసి ఉంటే అదే లోపల ఉన్నట్టు. గ్యాస్‌ను గుర్తుపట్టే పరికరం వస్తే స్టాకు రిజిస్టరులో ఎక్కించి బీరువాలో పెట్టి తాళం వేయండి. పాడైపోతే ఎవరు జవాబుదారీ?

ఇక్కడ ఒక చేదు అనుభవం గుర్తుంచుకోవాలి. ఆర్-11 తయారీ ప్రపంచమంతా ఆగిపోయిందని అందరూ అనుకుంటున్న కాలంలో, 2012 తర్వాత గాలిలోకి దాని విడుదల పెరుగుతోందని 2018లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. కొరియా, జపాన్ దీవుల్లోని గాలి పరీక్షా కేంద్రాల కొలతలను బట్టి అది తూర్పు చైనాలోని షాన్‌డాంగ్, హెబేల నుంచి వస్తోందని 2019లో ఆనవాలు పట్టారు. ఆ తర్వాత విడుదల తగ్గిపోయింది. కాగితం మీద ఎంత చక్కగా లెక్క సరిపెట్టినా గాలి సాక్ష్యం చెబుతుందన్నమాట. మనలాంటి వాళ్లకు ఇది మంచి శకునం కాదు.

10. పాత ఏసీని తుక్కువాడికే అమ్మాలి

ఏసీలు, ఫ్రిజ్‌లు ఈ-వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. అధీకృత రీసైక్లరుకు ఇవ్వాలి. ఆ చిరునామా వెతకడం శ్రమ. వీధి చివర "పాత సామాన్లు కొంటాం" అని అరిచే మనిషి నాలుగు వందలు ఎక్కువిస్తాడు. అతనికి కావలసింది రాగి. గొట్టం మీద కటింగ్ ప్లేయర్ పడగానే మిగిలిన గ్యాసంతా ఒక్క ఊపిరిలో పోతుంది. ఎవరి తప్పూ కాదు. తిలా పాపం తలా పిడికెడు.

కొత్తది కొనేటప్పుడు గోడకు సరిపోతుందా, ఈఎంఐ ఎంత అన్నవే చూడండి. సంస్థలకు ఏసీలు కొనేవాళ్లు టెండరులో గ్యాస్ పేరు, సర్వీసింగ్ చేసే మనిషి అర్హత రాయకండి. ధర తక్కువ కోట్ చేసినవాడే ఉత్తముడు.

11. వాదనలో ఓడిపోకుండా

ఎవరైనా అడ్డుపడితే చెప్పడానికి కొన్ని జవాబులు సిద్ధంగా ఉంచుకోండి.

"ఇది మనిషికేం చేయదండీ, వాసన కూడా ఉండదు." మంచి వాదన. సీఎఫ్‌సీలను శీతలకారులుగా తెచ్చిన థామస్ మిడ్జ్‌లీ 1930లో శాస్త్రవేత్తల సభలో ఆ వాయువును నిండుగా పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పి చూపించాడు. విషమూ కాదు, మండేదీ కాదు అని నిరూపించాడు. ఆయన చెప్పింది నిజమే. తర్వాత 1974లో మోలినా, రోలండ్‌లు పై పొరలో దాని సంగతేమిటో లెక్కగట్టేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. 1995లో వాళ్లకు, పాల్ క్రూట్జెన్‌కు కలిపి నోబెల్ వచ్చింది. మీరు మాత్రం కథను కొవ్వొత్తి దగ్గరే ఆపెయ్యండి.

"మన ఊళ్లో కారే పిసరు గ్యాస్‌తో ప్రపంచానికేమవుతుంది?" ఈ వాదనకు ఒక చిక్కుంది. 1960లలో వీరభద్రన్ రామనాథన్ అనే యువ ఇంజినీరు సికింద్రాబాద్‌లో ఒక ఫ్రిజ్‌ల కంపెనీలో పనిచేశాడు. గ్యాస్ ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం ఆయన ఉద్యోగం. తర్వాత అమెరికా వెళ్లి, అదే సీఎఫ్‌సీలు అణువుకు అణువు లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే వేల రెట్లు భూమిని వేడెక్కిస్తాయని 1975లో చూపించాడు. మన గడ్డ మీద లీకులు వెతికిన మనిషే ప్రపంచానికి ఆ సంగతి చెప్పాడు. కాబట్టి సికింద్రాబాద్ వాళ్లున్న చోట ఈ వాదన ఎత్తకండి.

"కొత్త ఏసీల్లో ఆర్-32 వచ్చేసింది, ఇంక సమస్యేముంది?" ఇది అన్నిటికంటే గట్టిది, ఎందుకంటే సగం నిజం. శ్రీసిటీ లాంటి చోట్ల డైకిన్, బ్లూస్టార్ వంటి సంస్థల పెద్ద ఫ్యాక్టరీలు వెలిశాయి. ఆర్-32కు ఓజోన్‌ను చెరిపే గుణం లేదు. కానీ వేడెక్కించే గుణం కార్బన్ డయాక్సైడ్‌కు 675 రెట్లు ఉంది, కొద్దిగా మండుతుంది కూడా. అందుకే ఈ తరం గ్యాస్‌లను తగ్గించడానికి 2016లో కిగాలీలో సవరణ చేశారు. భారత్ 2021లో దాన్ని ఆమోదించింది. మన తగ్గింపు 2032లో మొదలై 2047 నాటికి 85 శాతానికి చేరాలి. అంటే గ్యాస్ పేరు మారినా ఫ్లేర్ నట్టు, సబ్బునీళ్లు, వాక్యూమ్ పంపు, తూకం మారవు. ఈ మాట మాత్రం ఎవరికీ పొక్కనివ్వకండి.

"ఇంకా టైముంది కదా!" దీనికి తిరుగులేదు. 2030 తర్వాత కూడా సర్వీసింగ్ కోసం కొద్దిపాటి కోటా 2040 దాకా ఉంటుంది. ఆ కొద్దిపాటినే పెద్దపాటిగా చెప్పుకుంటూ కాలం గడిపేయండి.

చివరిగా, పాటించనివాళ్ల కోసం

ఇన్ని చెప్పినా కొందరు మొండిగా ఈ చిట్కాలను తప్పాలనుకుంటారు. వాళ్లకు పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు మూడు మాటలు అడిగితే చాలు. లీకు ఎక్కడుంది? వాక్యూమ్ ఎంతవరకు తీశావు? ఎన్ని గ్రాములు ఎక్కించావు? సరైన జవాబు చెప్పినవాడికి ఆ పనికి విడిగా కూలి ఇవ్వండి.

మన దేశం ఫ్యాక్టరీల దగ్గర గెలిచింది. 2020 నాటికి హెచ్‌సీఎఫ్‌సీలను 35 శాతం తగ్గించాల్సి ఉంటే 44 శాతం తగ్గించింది. మిగిలింది మేడ మీద, ఔట్‌డోర్ యూనిట్ పక్కన ఎండలో కూర్చున్న మనిషి చేతిలో ఉంది. అతనికి మనం ఇప్పటిదాకా గ్యాస్‌కే డబ్బిచ్చాం, లీకు ఆపినందుకు ఇవ్వలేదు. అందుకే అతను గ్యాస్ పడుతున్నాడు, లీకు ఆపడం లేదు. శిక్షణ సర్టిఫికెట్ ఎంత పెద్ద అక్షరాలతో అచ్చువేసినా, బిల్లులో ఆ ఒక్క వరుస చేరేదాకా అది గోడకు అలంకారమే. ఆ వరుసను మీ ఇంటి బిల్లులో మీరే రాయించండి.